ఉప్పునీళ్ళ ఎరుపు

మొన్న మా మనవరాలు పట్టుబట్టి, చెట్ల వేళ్ళతో నూలుకు రంగు వేసే శిక్షణ జరుగుతోందని నన్ను ఆటోలో కమలాపురం తీసుకెళ్ళింది. చిన్నప్పుడు ఆ పని ఇంట్లో చూసినదాన్ని కనుక నాలుగు మాటలు చెప్పాలట. అక్కడి ఆడపిల్లలు ఎర్ర రంగునిచ్చే చిరువేరు పొడిని క్యాన్ నీళ్ళలో మరగబెట్టి నూలు ముంచితే, ఎరుపు రాలేదు సరికదా, వెలిసిన ఇటుక రంగేదో వచ్చింది. అందరూ నా మొహం చూశారు. నీళ్ళు మంచివమ్మా, అందుకే రాలేదు అని మాత్రం చెప్పి, మిగతాది చెప్పే ఓపిక లేక ఇంటికొచ్చేశాను. నా ఈడువాళ్ళు కనుక మీకు చెబుతున్నాను.

మాది నేతపని ఇల్లు. పాపాఘ్ని ఏటి ఇసుకలో తవ్వుకొచ్చిన సన్నటి వేళ్ళను ఎండబెట్టి, దంచి, పటిక పట్టించిన నూలుతో కలిపి ఉడికించడం మా నాయన పని. ఆ ఎరుపంతా మా పెరటి బావిది. నోట్లో పోసుకుంటే ఉమ్మేయాల్సినంత ఉప్పు, కానీ ఆ నీళ్ళలో ఉడికితేనే నూలు పండుమిరపకాయలా తేలేది. తాగే నీళ్ళకు మాత్రం మా అమ్మ ఎండయినా, కడుపుతో ఉన్నా ఏటి చెలమ దాకా పోవాల్సిందే. బిందె మీద బిందె మోసీ మోసీ మెడ తిప్పలేక రాత్రిళ్ళు మూలిగేది. ఆ బావిని ఆమె తిట్టని రోజు లేదు.

మా వీధికి మంచినీళ్ళ ట్యాంకు వచ్చినప్పుడు, కట్టడానికి మా పెరడు తప్ప వేరే చోటు లేదని తేలింది. బావి పూడిస్తే ట్యాంకు మాకు, లేకపోతే పక్క వీధికి. పెద్దమనుషులు మా అరుగు మీద కూర్చుని అడిగితే, నాయన అమ్మతో మాటైనా అనకుండా, "పూడ్చేయండప్పా. ఎరుపు లేకపోతే ఎవురూ సావరు. బిందెలు మోసి మా ఇంటిదాని మెడ శానా అరిగిపోయిండాది" అన్నాడు.

అన్నేళ్ళు ఆ బావిని తిట్టిన మనిషి లోపల్నుంచి పరుగున వచ్చి, "నన్నడక్కుండా ఎంత పని జేస్తివి" అంటూ గోడకానుకుని ఏడ్చింది. ఆ తర్వాత నాయన షావుకారు ఇచ్చిన రంగు నూలే నేశాడు, ఎవరి మీదా విసుక్కోలేదు.

ఇప్పుడు ఇంటింటికీ కొళాయి, అదీ చాలక క్యాన్లు. ఆ ఎరుపు ఏమైందని పిల్లలు అడుగుతుంటే నాకూ బాధగానే ఉంటుంది, కానీ ఆ బావిని మళ్ళీ తవ్విద్దామంటే మాత్రం ఒప్పుకోను. నొప్పి తగ్గి అమ్మ కంటినిండా నిద్రపోవడం నేను చూశాను. అయినా అన్నేళ్ళు ఆ ట్యాంకు నీళ్ళు తాగి, తియ్యగా ఉన్నాయని ఆమె ఒక్కసారీ అనలేదు.