పులుపు పోయిన పిల్ల

అమీర్‌పేట లేడీస్ హాస్టల్లో నా గదిలో ఉండే అమ్మాయికీ నాకూ స్నేహం సామెత మీద కుదిరింది. పురాణమంత ఫాంటసీ నవల రాస్తానని నేను గొప్పలు పోతుంటే, "మంత్రాలకు చింతకాయలు రాల్తయా?" అంది.

"నా నవల్లో రాలతాయి," అన్నాను ఉక్రోషంగా.

"రాలనియ్యి. గని ఊకెనే రాలొద్దు. రాల్చినోళ్ల నాలికకు పులుపు పోవాలె."

అలా మా నవలకు మంత్రశాస్త్రం దొరికింది. ఆరు రుచులు, ఆరు శక్తులు. ఏ శక్తి వాడితే ఆ రుచి ఇక జన్మలో తెలియదు. కథలో పిల్ల తమ్ముడి కోసం చింతకాయలు రాల్చి, ముందు పులుపే పోగొట్టుకుంది. ఒక్కో రుచీ పోయేకొద్దీ దానికి పొగరు తగ్గాలనీ, ఎదుటివాళ్ల కంచంలో ఏముందో చూడటం నేర్చుకోవాలనీ తను చెప్పేది. నేను రాసేదాన్ని. తర్వాత ఉద్యోగాలొచ్చాయి, తను పెళ్లి చేసుకుని శ్రీనగర్ కాలనీకి వెళ్లిపోయింది. నవల చివరి అధ్యాయం దగ్గరే ఆగిపోయింది.

కిందటేడు తనకు గొంతులో గడ్డ తేలింది. పంజాగుట్టలో ఒక ఆసుపత్రిలో రేడియేషన్, అదే కరెంటు, పెట్టేవాళ్లు. నేను సెలవు పెట్టి తోడు వెళ్లేదాన్ని. ఒకరోజు నేను తెచ్చిన చారు ఒక గుక్క తాగి గ్లాసు పక్కన పెట్టేసింది.

"ఏం తెలుస్తలేదే. మట్టి లెక్క ఉన్నది." మూతి తుడుచుకుని, "గా పిల్లకు పులుపు తిరిగియ్యరాదు? రాసి వినిపియ్యి జర," అంది.

నేనన్నది తలుచుకుంటే నా నెత్తిన నేనే మొట్టుకోవాలనిపిస్తుంది. "ఏంటే, రూలు పెట్టిందే నువ్వు. ఊరికే ఇచ్చేస్తే ఆ పిల్ల ఇన్నాళ్లూ ఎదిగిందంతా దండగ కదా," అన్నాను.

"గంతేనా. సరే తియ్," అని కళ్లు మూసుకుంది. మళ్లీ ఆ ఊసెత్తలేదు. నేనేమో రూలు చెడకుండా దారేమైనా ఉందా అని ఆలోచిస్తూ ఆమె పక్కనే కూర్చున్నాను. కథలో పిల్లకు నేర్పినపాటి బుద్ధి కూడా నాకు లేకపోయింది.

కొన్ని నెలలకు మధ్యాహ్నం పూట ఫోన్ చేసింది. "చింతకాయ తొక్కు తిన్ననే. పులుపు తెలిసింది," అని ఏడ్చింది. నాకూ ఏడుపాగలేదు. ఆ సంతోషంలో, "ఇవాళే రాసేస్తాను, ఆ పిల్లకీ ఇచ్చేస్తాను," అన్నాను.

"ఇప్పుడెందుకే," అంది. "గప్పుడు కావాల్సుండె."