పూలు కట్టిన మీసాల తాత

బడిలో చేరినప్పటినుంచి మా మనవడు పూలు ముట్టడం మానేశాడు. రోజూ దేవుడి మాలకు పూలందించే బిడ్డ, "అది ఆడపిల్లల పని" అంటే నా మనసు చివుక్కుమంది.

ఒకరోజు ఆనేకల్ బస్సులో నేను మల్లెలు కడుతుంటే, వాడికి అటుపక్క కూర్చున్న గుబురు మీసాల పెద్దాయన "ఇట్లియ్యమ్మా" అని దారం తీసుకుని చకచకా కట్టసాగాడు.

మావాడు నోరు తెరిచాడు. "తాతా, పూలు కడితే ఆడపిల్ల అయిపోతారంట!"

"అట్లనా? చిన్నప్పటినుంచి మా దేవునికి నేనే కడతా ఉండానే! మీసాలు ఊడొస్తాయేమో, లాగి చూడప్పా" అంటూ ఆయన ముఖం వంచాడు.

వాడు నిజంగానే లాగాడు. ఆయన "అబ్బా!" అన్నాడు. చుట్టుపక్కలవాళ్ళంతా నవ్వారు.

వాడు కాసేపు ఆలోచించి, నా ఒళ్ళోంచి రెండు మల్లెలు తీసి ఆయనకందించాడు. అమ్మయ్య అనుకున్నాను.

ఆయన పేరు తెలియదు. చల్లగా ఉండాలని రోజూ దణ్ణం పెట్టుకుంటాను.