ఐదు నిమిషాల రూలు

నేను ఎనిమిదో తరగతి మధ్యలో బడి మానేశాను. బడితో నాకు గొడవేమీ లేదు. లెక్కల పీరియడ్‌లో కిటికీలోంచి చూస్తే రోడ్డవతల రేడియో రిపేరు కొట్టు కనిపించేది. అక్కడ జరిగేది నాకు అర్థమయ్యేది, గదిలో జరిగేది అయ్యేది కాదు. ఒకరోజు అర్థమయ్యే వైపుకి వెళ్ళిపోయాను. ఆ తర్వాత పదిహేనేళ్ళకి రాజోలులో నాకే ఒక కొట్టు ఏర్పడింది. బోర్డు మీద రేడియో, టేప్‌రికార్డరు, టీవీ అని వరసగా రాయించి, రెండువేల సంవత్సరం దాటాక చివర్న కంప్యూటరు అని కలిపించాను. ఆ ఒక్క మాటా కొత్త రంగులో ఉండటం వల్ల జనం దాన్నే ముందు చదివేవారు. చదివి లోపలికొచ్చి, నా వైపు చూసి, మళ్ళీ బోర్డు వైపు చూసేవారు.

నా దగ్గర టీవీ కొన్నవాళ్ళకీ, బాగుచేయించుకున్నవాళ్ళకీ ఒక సలహా ఊరికే ఇచ్చేవాణ్ణి. మా వైపు గాలి కాస్త గట్టిగా వీస్తే కొబ్బరిమట్ట తీగల మీద పడుతుంది. దీపాలు ఒక్కసారి పెళ్ళివారి పందిట్లోలా వెలిగి ఆరిపోతాయి. అందుకని, కరెంటు రాగానే ముందు స్టెబిలైజర్ వెయ్యండి, ఐదు నిమిషాలు ఆగండి, కుదురుకున్నాక టీవీ వెయ్యండి అని చెప్పేవాణ్ణి. ఐదు అన్న అంకె ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకూ తెలియదు. రెండంటే నిర్లక్ష్యంగా ఉంటుంది, పదంటే ఎవరూ ఆగరు. అంతర్వేది దాకా ఎన్ని ఇళ్ళల్లో జనం టీవీ ముందు చేతులు కట్టుకుని గడియారం చూస్తూ నిలబడ్డారో చెప్పలేను. డాక్టరుగారు చెప్పింది కూడా అంత భక్తిగా పాటించరు.

ఆ భక్తుల్లో మొదటివాడు మా పక్క ఊరి ప్రైవేటు బడికి సెక్రటరీ. అంబాజీపేటలో కొబ్బరి వ్యాపారం, మిగిలిన టైములో విద్యాదానం. ఆయన బడికి హైదరాబాదు నుంచి ఎవరో దాతలు ఒక కంప్యూటర్ పంపారు. పిల్లలు నూటముప్ఫై మంది, కంప్యూటరు ఒకటి. దాంతోపాటు పెద్ద ట్రంకుపెట్టంత మానిటరు కూడా వచ్చింది. లోపల ఉన్నది అందరి కంప్యూటర్లలో ఉండేది కాదు, లినక్సు. వెయ్యగానే ఒక పెంగ్విన్ పక్షి బొమ్మ వస్తుంది. సెక్రటరీగారికి పెంగ్విన్‌తో పరిచయం లేదు. ఆయన దాన్ని బాతు అనేవారు. కొన్నాళ్ళకి కమిటీలో అందరూ బాతనే అన్నారు.

ఆ బాతుని ఆడించడం వచ్చిన మనిషి ఆ చుట్టుపక్కల ఒక్కరే. అమలాపురంలో డిప్లొమా చదివొచ్చిన టీచరమ్మ. ఇరవైమూడేళ్ళుంటాయి. వాళ్ళమ్మ ఇప్పటికీ నాట్లకెళ్ళే మనిషి. ఆ ఇంట్లో నెలకొకసారి జీతం అనేది తెచ్చిన మొదటి మనిషి ఈవిడే. ఉద్యోగం మాత్రం ఏడాదికేడాది కమిటీ దయ. ఆదివారం చర్చిలో ఈవిడ పక్కన కూర్చోడానికి చుట్టాలు పోటీపడేవారనీ, ఉద్యోగం పర్మనెంటు కాదన్న సంగతి వాళ్ళకింకా చెప్పలేదనీ తర్వాత ఒకసారి తనే నవ్వుతూ చెప్పింది.

వేసవి ఆఖర్లో ఒక ఈదురుగాలికి కరెంటు ఎగిరి ఆ పెద్ద మానిటరు కాలిపోయింది. దాని బదులు నా దగ్గరున్న చిన్న పాత మానిటరు ఒకటి సెక్రటరీగారికి అమ్మాను. అమ్మేటప్పుడు అలవాటు ప్రకారం నా సలహా కూడా పొట్లం కట్టి ఇచ్చాను. ముందు కింద కంప్యూటరు డబ్బా వెయ్యండి, ఐదు నిమిషాలాగి అప్పుడు తెర వెయ్యండి, పాపం చిన్నప్రాణం అన్నాను. ఆయన ఆ మాటని ఎర్రసిరాతో కాగితం మీద రాయించి గోడకి అంటించారు. కింద ఇంకో వాక్యం సొంతంగా చేర్చారు: ఈ నియమం అతిక్రమించినచో కలుగు నష్టమునకు అతిక్రమించినవారే బాధ్యులు.

బడి తెరిచిన వారానికి కబురొచ్చింది. తెర నల్లగా ఉందిట. వెళ్ళి చూశాను. డబ్బా ఆడుతోంది. మానిటరు లైటు వెలుగుతోంది. నల్లటి తెర మీద అగ్గిపెట్టెంత గడిలో ఏవో ఇంగ్లీషు ముక్కలు అటూ ఇటూ తిరుగుతున్నాయి. నేను టీవీ మనిషిని, తెర నల్లబడితే తెరదే తప్పు. మానిటరు మోపెడ్ వెనక కట్టుకుని కొట్టుకి తీసుకొచ్చాను. నా కంప్యూటరుకి తగిలిస్తే బొమ్మ బంగారంలా వచ్చింది. తిరిగి బడికి తీసుకెళ్తే మళ్ళీ నలుపు. అత్తారింట్లో అలిగే అల్లుడిలా, మా కొట్లో ఒక తీరు, ఆ బడిలో ఒక తీరు.

మూడుసార్లు మోశాను. మొదటిసారి టంకాలన్నీ మళ్ళీ వేశాను. రెండోసారి కేబులు మార్చాను. మూడోసారి డబ్బానే విప్పి, తెరకి బొమ్మ పంపే కార్డు పీకి, ఉప్పుగాలికి పచ్చబడ్డ దాని పళ్ళని పిల్లల పెన్సిలు రబ్బరుతో తోమాను. మెరిసిపోయాయి. బొమ్మ రాలేదు. విచిత్రమేమిటంటే మధ్యలో రెండు రోజులు చక్కగా పనిచేసిందని పిల్లలు చెప్పారు. సెక్రటరీగారు వచ్చిన రోజున మాత్రం ఒక్కసారి కూడా రాలేదు. ఆయనకి నా మీద కోపం రాలేదు, అదీ నా అదృష్టం. ఆయన అనుమానం బాతు మీద.

"నీ పనిలో లోపం లేదబ్బాయ్," అన్నారు. "ఆ అమ్మాయి ఏదో నొక్కుతుంది. అమలాపురం నుంచి మనిషొస్తానంటున్నాడు. బాతుని తీసేసి అందరి దగ్గరా ఉండేదే వేస్తాడంట. సోమవారం కమిటీ. అతని మరదలు కూడా కంప్యూటరు చెప్తాదంట, ఆవిణ్ణే పెట్టేసుకుంటే గొడవుండదు."

టీచరమ్మ అక్కడే ఉంది. సుద్దముక్క తీసుకుని, బోర్డు మీద అప్పటికే చక్కగా ఉన్న అక్షరాల్ని మళ్ళీ దిద్దింది.

సెక్రటరీగారు వెళ్ళాక నేను స్క్రూడ్రైవరు తీశాను, నాలుగోసారి విప్పుదామని. ఆవిడ ఒక్క నిమిషం ఆగమని, కీబోర్డు మీద మూడు మీటలు కలిపి నొక్కింది. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు వచ్చాయి. ఒక్క వంకర లేదు.

"మానిటరు బానే ఉందండి," అంది మెల్లిగా. "అక్షరాలొస్తున్నాయి. బొమ్మల దగ్గరికెళ్ళేసరికే పోతుంది."

"ఈ ముక్క మూడు ట్రిప్పుల ముందు చెప్పొచ్చు కదండీ."

"చెబుదామనుకునేలోపే మీరు విప్పేసేవారండి."

నిజమే. ఇన్నేళ్ళుగా నేను ముందు విప్పి తర్వాత వినేవాణ్ణి. టీవీలు ఏమీ అనేవి కావు కాబట్టి అలవాటైపోయింది.

అప్పుడు ఆవిడ నాకు అసలు సంగతి చెప్పింది. లినక్సు లేచేటప్పుడు తాను చేసిన ప్రతి పనీ ఒక ఫైల్లో రాసుకుంటుందిట. ఈ గొడవ మొదలైనప్పట్నుంచీ ఆవిడ ఆ రాతని ఏ రోజుకారోజు తేదీ వేసి దాచింది. ఇద్దరం చిన్న బెంచీ మీద కూర్చున్నాం. ఆవిడ ఇంగ్లీషు చదివి తెలుగులో చెబుతుంటే నేను విన్నాను. ఆ బడిలో నేను నోరు మూసుకుని పాఠం వినడం అదే మొదటిసారి. చిన్నప్పుడు నేను మానేసిన బడీ అదే.

విషయం ఇది. యంత్రం లేస్తూనే తెరని పలకరిస్తుంది, నువ్వెవరివి, ఎంత పెద్ద బొమ్మ మొయ్యగలవు అని. తెర జవాబిస్తే దానికి తగ్గ బొమ్మ పంపుతుంది. జవాబు రాకపోతే పాత కాగితం తీస్తుంది. ఆ కాగితం హైదరాబాదులో ఎవరో కాలిపోయిన పెద్ద మానిటరు కోసం రాసి పెట్టింది. అంత పెద్ద బొమ్మని మన చిన్న తెర మీద పడేస్తే, ఇది నా వల్ల కాదని అగ్గిపెట్టె చూపిస్తుంది. అన్ని రోజుల రాతల్లోనూ తెర జవాబివ్వలేదనే ఉంది. రెండు రోజుల్లో మాత్రం ఇచ్చింది.

"ఆ రెండు రోజులూ ఏం చేసేరండి?" అన్నాను.

ఆవిడ గుమ్మం వైపు చూసింది. "సెక్రటరీగారికి చెప్పరు కదండీ?"

"ఆయ్, చెప్పను."

"కరెంటు ఆలస్యంగా వచ్చిందండి ఆ రోజుల్లో. పీరియడ్ అయిపోతుందని, ఐదు నిమిషాలు ఆగలేదు. రెండూ ఒకేసారి వేసేసేను."

నేను గోడ మీద ఎర్రసిరా వైపు చూశాను. కింద ఎవరి పేరూ లేదుగానీ ఆ రచయితని నేనే. యంత్రం పలకరించే సమయానికి తెర నా సలహా ప్రకారం నిద్రలో ఉంది. ఐదు నిమిషాల తర్వాత లేచి ఏమంటున్నారని అడిగితే ఎవరు చెబుతారు? మోపెడ్ మీద మూడుసార్లు మోసింది మానిటర్ని కాదు, నా తెలివిని.

నవ్వొచ్చింది. ఆవిడ మాత్రం నవ్వలేదు. ఆవిడ లెక్క వేరు. రూలు పాటిస్తే బొమ్మ రాదు, ఉద్యోగం పోతుంది. రూలు తప్పితే బొమ్మ వస్తుందిగానీ, తప్పినట్టు తెలిస్తే ఉద్యోగం పోతుంది. ఈ మానిటరుకేదైనా అయితే ఆ బాధ్యత కూడా ఎర్రసిరాలో తన మీదికే రావచ్చు. నేను చూసుకుంటానులెండి అన్నాను. ఎలా చూసుకోవాలో తెలియకుండానే.

సోమవారం సెక్రటరీగారూ, ఇద్దరు సభ్యులూ, ఒళ్ళో సీడీల పెట్టె పెట్టుకుని అమలాపురం మనిషీ వచ్చి కూర్చున్నారు. నేను లేచి, తప్పు నాదేనండి, గోడ మీద రూలు తప్పు, అది నేనే చెప్పాను అన్నాను. అందరూ హాయిగా నవ్వారు. ఊళ్ళో నేను ఏం చెప్పినా ముందు నవ్వి తర్వాత వినడం వాళ్ళకి అలవాటు. నేనే చేసిన అలవాటు. జీవితంలో మొదటిసారి నన్ను నమ్మమని అడుగుతూంటే, దానికి తగిన మొహం నాకు లేకపోయింది.

"నీ రూలు మీద మా ఇంట్లో మూడు టీవీలు నడుస్తున్నాయి," అన్నారు సెక్రటరీగారు. "మా వియ్యపురాలు ఫ్రిజ్జుకి కూడా ఐదు నిమిషాలాగుతాది. ఈ అమ్మాయి మీద జాలిపడి ఇప్పుడు కొత్త పాట పాడుతున్నావు."

"జాలి కాదండి. మీ చేత్తో మీరే వేసి చూడండి."

ఆయన లేచి, రూలు ప్రకారం డబ్బా వేశారు. ఐదు నిమిషాలు. గదిలో ఆరుగురం గోడగడియారం వైపు చూస్తూ కూర్చున్నాం. ఒక సభ్యుడు ఆవలించాడు. నేను కనిపెట్టిన ఐదు నిమిషాలు ఎంత పొడుగో నాకప్పుడే తెలిసింది. తెర వేశారు. నలుపు, అగ్గిపెట్టె. అన్నీ ఆర్పేసి, ఈసారి తెర ముందు వెయ్యమన్నాను. ఏదో పాపం చేస్తున్నట్టు నా వైపొకసారి చూసి, వేశారు. తర్వాత డబ్బా. బాతొచ్చింది, దాని వెనకాల నీలంరంగు తెరా, బొమ్మలూ అన్నీ వచ్చాయి. ఆయన నమ్మలేదు. మళ్ళీ రూలు ప్రకారం వేశారు, ఈసారి రెండు నిమిషాలే ఆగి. నలుపు. మళ్ళీ తిరగేసి. బాతు.

అమలాపురం మనిషి సీడీల పెట్టె మూత తీసి, మళ్ళీ వేశాడు.

సెక్రటరీగారు టీచరమ్మ వైపు తిరిగారు. "ఇది నీకు ముందే తెలుసా?"

తెలియదండి అని నేను అందుకోబోయాను. నాకంటే ముందు ఆవిడే అంది.

"తెలుసండి. రెండు రోజులు రూలు తప్పేను. ఈ నెలలో పాఠం జరిగింది ఆ రెండు రోజులేనండి."

సభ్యులిద్దరూ కాగితంలోని ఆఖరి వాక్యం చదువుతున్నారు.

"మరి చెప్పలేదేం?"

"మీరడగలేదండి. బాతుని ఎప్పుడు తీసేద్దామని అడిగేరు."

ఇంతకాలం ఆయనతో అలా మాట్లాడే లైసెన్సు నా ఒక్కడికే ఉందనుకున్నాను. నేనైతే జోకులా అని తప్పించుకునేవాణ్ణి. ఆవిడ జోకులా అనలేదు. ఆయన చాలాసేపు ఆవిడ వైపే చూశారు. కొబ్బరికాయ కొనేముందు చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూసే మనిషి మొహం అలాగే ఉంటుంది. చివరికి, అయితే కొత్త రూలు ఏం రాయించాలి, తెర ముందా, డబ్బా ముందా అన్నారు.

"ఏదీ వద్దండి," అందావిడ. కీబోర్డు ముందుకి జరిగి, మళ్ళీ ఆ తెల్లక్షరాల్లోకి వెళ్ళింది. హైదరాబాదువాళ్ళ కాగితం తెరిచి, అందులో పెద్ద మానిటరు కొలతలు కొట్టేసి, మా చిన్నదాని కొలతలు రాసింది. తర్వాత డబ్బా ముందు వేసి చూపించింది, తెర ముందు వేసి చూపించింది. రెండుసార్లూ బాతే. ఇక ఏది ముందు వేసినా ఒకటేనండి, మర్చిపోయినా పర్వాలేదు అంది.

సెక్రటరీగారు గోడ మీద కాగితాన్ని తనే పీకి, మడిచి, జేబులో పెట్టుకున్నారు. అమలాపురం మనిషికి కాఫీ ఇప్పించి పంపండి అన్నారు. ఆ మాట ఆయన నా వైపు చూసే అన్నా, ఎవరి ఉద్యోగం నిలిచిందో టీచరమ్మకి అర్థమైంది. కీబోర్డు మీద సుద్దపొడి పడి ఉంది. దాన్ని చీరకొంగుతో తుడిచింది.

బయట ఎనిమిదో తరగతి పిల్లలు గుమ్మం దగ్గర తోసుకుంటున్నారు. అమలాపురం మనిషి వెళ్ళిపోయినా మేం నలుగురం ఇంకా తెర ముందే నిలబడి, బాతుని అందరం కలిసి కనిపెట్టినట్టు చూస్తున్నాం. ఆవిడ రెండుసార్లు గొంతు సవరించుకుంది.

"క్లాసు టైమైందండి," అంది. "మీరంతా కాస్త బయటికెళ్తే పిల్లలు లోపలికొస్తారు."

సెక్రటరీగారు ఆయ్ అన్నారు. ముందు ఆయన, వెనక సభ్యులు, ఆఖర్న నేను, ఒకరి వెనక ఒకరు గుమ్మం దాటాం.