అయిదు స్టార్లిచ్చి అడుక్కున్నాం

మా అక్క కుడిచెయ్యి పడిపోయి నాలుగేళ్లవుతోంది. పక్షవాతం వచ్చే దాకా తను లెక్కల టీచరు. బోర్డు మీద ఉత్త చేత్తో వృత్తం గీస్తే పిల్లలు చప్పట్లు కొట్టేవారట. ఇప్పుడు చిలకలగూడలో నా దగ్గరే ఉంటోంది. జడ నేను వేస్తాను, చీర కుచ్చిళ్లు నేను పెడతాను, అన్నం నేను కలిపి స్పూను చేతికిస్తాను. ఆ స్పూను అందుకునేటప్పుడు తను నా మొహం చూడదు.

ఫోనులో ఆడే ఒక ఆటను మాకు అంటించింది రెజిమెంటల్ బజార్‌లో మా జాకెట్లు కుట్టే భాయ్. నలుగురు ఒక జట్టుగా కోటను కాపాడుకోవాలి. భాయ్, ఆయన భార్య, నేను, అక్క. ఆ ఆటలో ఒక ముసలి వైద్యురాలి పాత్ర ఉంది. దెబ్బ తిన్నవాడి మీద ఒక్కసారి వేలు పెట్టి తీస్తే చాలు, గాయం దానంతటదే మానుతుంది. అదే వేలితో ఆవిణ్ని నడుపుకోవచ్చు. అంటే ఒక్క ఎడమ బొటనవేలు ఉంటే చాలన్నమాట. ఫోనును దిండుకు ఆనించి అక్క ఆ ముసలమ్మను పరుగెత్తిస్తుంటే నేను ఆడడం మరిచిపోయి చూసేదాన్ని.

"అక్కా, నువ్వుంటే జెర ధైర్యం. నువ్వొచ్చినంకనే షురూ చేస్తం," అని భాయ్ ఫోనులోంచి అరిచేవాడు. సాయంత్రం అయిదయ్యేసరికి అక్క మొహం కడుక్కుని, పౌడరు రాసుకుని కూర్చునేది. ఆ ఆటలో ఎవరి మొహం ఎవరికీ కనిపించదు. అయినా రాసుకునేది.

ఒక బుధవారం కంపెనీవాళ్లు ముసలమ్మను మార్చేశారు. ఇకమీదట ఒక వేలితో గాయపడినవాణ్ని నొక్కి పట్టుకునే ఉండాలి, రెండో చేతి వేలితో ఆవిణ్ని నడపాలి. పట్టు వదిలితే వైద్యం ఆగిపోతుంది. ఎందుకయ్యా అంటే బ్యాలెన్సట, ఆట తూకం సరిచెయ్యడమట. పెద్ద పోటీల్లో ఆడే ఘనులెవరో ఈవిణ్ని అడ్డం పెట్టుకుని ఓడకుండా తప్పించుకుంటున్నారట. ఎవరో ఎక్కడో ఎత్తు వేస్తే శిక్ష మా అక్కకు పడింది. రెజిమెంటల్ బజార్‌లో ఉల్లిగడ్డలు తూచే మనిషి కూడా మనం గొంతు పెంచితే ఇంకో గడ్డ వేస్తాడు. వీళ్ల తూకానికి ఆపాటి సిగ్గు కూడా లేదు.

ఆ సాయంత్రం అక్క నడిపితే వైద్యం ఆగింది, వైద్యం చేస్తే ముసలమ్మ నిలబడ్డచోటే చచ్చింది. నాలుగు ఆటలూ అంతే.

"పరేషాన్ గాకు అక్కా, అలవాటైతది," అన్నాడు భాయ్.

"గీ చెయ్యి ఇంక దేనికీ అలవాటు గాదు భాయ్," అంది అక్క.

మార్పు గురించి చెప్పిన ప్రకటన కింద చిన్న అక్షరాల్లో ఒక మాట ఉంది. ఇది నెల రోజుల ప్రయోగం మాత్రమే, మీ అభిప్రాయాలు చూశాకే ఖాయం చేస్తాం, రాయండి అని. నేను నమ్మాను. నమ్మిన నా తెలివికో దండం.

మా ఇంట్లో దేన్నయినా అడగడానికి ఒక వరస ఉంది. చిన్నప్పుడు ప్రార్థన అలాగే నేర్పారు. ముందు స్తుతి, తర్వాత కృతజ్ఞత, ఆ తర్వాతే విన్నపం. ఆఫీసులో సెలవు చీటీ రాసినా, మోరీ పొంగిందని మునిసిపాలిటీకి రాసినా నాది అదే వరస. ఇప్పుడూ అలాగే అయిదు స్టార్లు నొక్కి, వచ్చిన ఇంగ్లీషంతా పోగేసి రాశాను. ఈ ఆట మా ఇంటికి దొరికిన దీవెన. మా అక్కను మళ్లీ నవ్వించింది. ఆ రెండు వాక్యాల తర్వాత అసలు సంగతి. ఆమెకు ఒక చెయ్యే పనిచేస్తుంది, అలాంటివాళ్ల కోసం పాత పద్ధతిని కూడా ఉంచండి అని.

అంతటితో ఊరుకోలేదు. ఆదివారం ఆరాధన అయ్యాక స్త్రీల సమాజం వాళ్లను చర్చి మెట్ల మీద ఆపి, అందరి చేతా ఫోన్లు తీయించాను. ఆ ఆట పేరు కూడా వినని ఆంటీలు దాన్ని ఫోనులోకి దించుకుని మరీ రాశారు. ఒకావిడ మూడో స్టారు దగ్గర వేలు ఆపితే కసురుకున్నాను.

"అడగనికి పోయి మూడిస్తరా ఆంటీ ఎవలన్న? అయిదూ నొక్కుండ్రి."

బజారులో భాయ్ తన గిరాకీలందరితో రాయించాడు. ఆయన వరసా అదే. ముందు సలాం, తర్వాత దువా, చివర్న పని.

రాసినవాళ్లందరికీ ఒకటే జవాబు వచ్చింది. "మీ అభిప్రాయం మాకు ఎంతో విలువైనది." ఆంటీలు దాన్ని నాకు చూపించి మురిసిపోయారు. నేనూ మురిసిపోయాను, దాచడం దేనికి.

నెల తిరిగింది. మార్పు ఖాయమని ప్రకటన వచ్చింది. ఆటగాళ్లు కొత్త ముసలమ్మను అక్కున చేర్చుకున్నారట, వచ్చిపడిన అయిదు స్టార్లే అందుకు సాక్ష్యమట. కింద రంగుల పెట్టెలో ఆటగాళ్ల మాటలని కొన్ని వేశారు. మొదటిది నాది. ఈ ఆట మా ఇంటికి దొరికిన దీవెన, మా అక్కను మళ్లీ నవ్వించింది. అక్కడికి కత్తిరించారు. చదవకుండా పారేశారంటే క్షమించేదాన్నేమో. చదివారు. ఎక్కడ కొయ్యాలో తెలిసేటంత శ్రద్ధగా చదివారు. వాళ్ల చేతులు పడిపోను అని నా నోటిదాకా వచ్చింది. పక్కన అక్క ఉందని మింగేశాను.

తను కూడా ఆ పెట్టె చూసింది.

"నేనొక వేలు పెడ్తా అక్కా," అన్నాను. "నువ్వు నడుపు, నేను నొక్కి పట్టుకుంట."

అక్క ఫోనును దిండు మీద బోర్లా పెట్టింది.

"జడ నువ్వేస్తవ్. కుచ్చిళ్లు నువ్వే పెడ్తవ్. బువ్వ నువ్వే కలుపుతవ్. గిది ఒక్కటి నేను చేసుకున్న. గిండ్ల సుత నీ వేలేనా?"

అక్క మళ్లీ ఫోను తీసి, ఎడమచేత్తోనే ఆ ఆటను చెరిపేసింది. మర్నాడు సాయంత్రం అయిదయినా పౌడరు డబ్బా కదల్లేదు.

ఆ రోజే నా అయిదు స్టార్లను ఒక్కదానికి దించాను. సలాం లేదు, స్తుతి లేదు. మీరు మా మాట చదివి కూడా మెడ కోశారు, మా అక్క చేతిలో మిగిలిన ఒక్క పనిని లాక్కున్నారు, మా పొగడ్తను మా మీదకే వాడుకున్నారు, మీరు దొంగలు అని రాశాను. రాసిన నిమిషానికే జవాబు. మీ అభిప్రాయం మాకు ఎంతో విలువైనది.

అన్నం వేళకు అది అక్కకు చూపించాను. తను స్పూను పక్కన పెట్టి, మొదటి నుంచి చివరి దాకా చదివింది.

"గిప్పుడు మంచిగ రాసినవ్," అంది. "ముందుగాల్నే గిట్ల రాయకపోతివి."

ఈసారి నా మొహంలోకి చూసే అంది.