ఆమె కమేలియాకు దాచిన నీళ్లు

నా భార్య మార్గశిరంలో, ఒక ఉదయం, ఇంట్లోనే పోయింది. కడుపులో గడ్డ అని పట్నం దవాఖానలో చెప్పాక ఆమె బతికింది ఒక్క వానాకాలమే. జహీరాబాదులో చాలామంది ఆమెను కమేలియా పూలచెట్టున్న ఇంటావిడగానే ఎరుగుదురు. అందుకే ఆ చెట్టు సంగతి రాస్తున్నాను.

డెబ్బైల చివర్లో, నీలగిరిలో తేయాకు తోట గుమస్తాగా ఉన్న ఆమె అన్న ఆ మొక్కను నూనె డబ్బాలో పెట్టి తెచ్చాడు. చల్లని కొండల మొక్క, మా ఎండకు ఆగదని అతనే చెప్పి ఇచ్చాడు. ఆమె దాన్ని వాకిట్లో పడమటి గోడ నీడన నాటింది. ఎండాకాలం చుట్టూ తడి గోనెపట్టాలు కట్టేది. చాయ్ చెట్టుకు ఇది చెల్లెలని అన్న చెప్పాడట, వాడిన చాయ్‌పత్తా ఆరబెట్టి మొదట్లో వేసేది.

"పొద్దుగాల చాయ్ పోస్తున్నవు, మాపటికి బిస్కెట్లు గూడ పెడ్తవా దానికి?" అనేది పక్కింటావిడ.

"పెడ్త. అది నీ లెక్క చక్కెర ఎక్కువ అడుగదు."

మా నల్లా నీళ్లు సున్నపు నీళ్లు. గిన్నెల అడుగున తెల్లగా పేరుకుంటాయి. అవి పోస్తే ఆకులు పసుపుబారేవి. అందుకని చూరు కింద పెద్ద మట్టి గోళెం పెట్టి వాననీళ్లు పట్టేది. మూతికి గుడ్డ కట్టి, మళ్లీ వానలదాకా ఆ చెట్టొక్కదానికే పొదుపుగా పోసేది. గడ్డం గీసుకుందామని ఒకసారి నేనో చెంబు ముంచాను. నేను కాలేజీలో పాఠాలు చెప్పేవాణ్ని, ఇంట్లోనూ ఆమెకు సారునే. "సారూ, మీ గడ్డం మల్ల మొలుస్తది. గా చెట్టు మొలుస్తదా?" అంది.

ఏటా చలికి మొగ్గలు వచ్చేవి. విచ్చకముందే రాలిపోయేవి. ఈ ఏడు నిలిచాయి. మంచం మీద నుంచి రోజూ అడిగేది. ఉన్నాయంటే నమ్మేది కాదు. లేపి కిటికీ దాకా తీసుకెళ్లి చూపించేవాణ్ని.

"ఒక్క పువ్వు జూసి పోత" అంది ఒక రోజు, మామూలుగానే.

చివరి రోజుల్లో లేపనివ్వలేదు. అడగడం మాత్రం మానలేదు.

ఆమె పోయిన ఉదయం నల్లా రాలేదు. స్నానం చేయించాలి. ఆమె అక్క, మా వదిన, నా దగ్గరికి వచ్చింది.

"మరిదీ, గోళెంల నీళ్లున్నయి. చెట్టుకని దాచుకున్నదాయె. ముంచమంటవా, వద్దంటవా?"

ఇక వానలు జ్యేష్ఠం దాటాకే. ముంచమన్నాను.

వాకిట్లో చీరలు అడ్డం పట్టి, పసుపు రాసి స్నానం చేయించారు. నీళ్లు వాలుకు పారి చెట్టు వైపు వెళ్లాయి. ఆ నీళ్లు పూలచెట్టుకు తగలరాదని వదిన మట్టితో కట్ట వేసింది. నేను కాలితో ఆ కట్ట తీసేశాను. వదిన నా మొహంలోకి చూసింది.

పెద్దకర్మ లోపలే మొగ్గలన్నీ రాలిపోయాయి. ఒక్కటీ విచ్చలేదు. చెట్టు ఉంది. ఇప్పుడు నల్లా నీళ్లే పోస్తున్నాను, కింది ఆకులు రంగు తప్పుతున్నాయి. దాని మొదట్లో, ఆనాటి నీళ్లు నిలిచి ఇంకినచోట, పసుపు సన్నని చారగా ఎండి ఉంది. చెంబు వంచేటప్పుడు నీళ్లు దాని మీదుగా పోకుండా పక్కనుంచి పోస్తాను.