మా అవ్వ ముగ్గుపిండి తిన్న చేపలు

మా చిన్నప్పుడు ఒక ఆదివారం పొద్దున్నే పెరట్లోకి వెళ్ళి చూస్తే... మా నాయన మోకాళ్ళ లోతు గుంతలో నిలబడి ఉన్నాడు! చేతిలో గడ్డపార, ఒళ్ళంతా మన్ను, ముఖంలో మాత్రం పండగ.

"కొలను కడతా ఉండా పాపా! చేపలు తిరుగుతాయి, కలువలు పూస్తాయి!"

నాయనది పైపుల పని. మా పుదుచ్చేరిలోనే వైట్ టౌన్‌లో ఏదో గెస్ట్ హౌస్‌కు పనికి వెళ్ళి, అక్కడ ముంగిట్లో కొలను చూసి వచ్చాడట. అప్పట్నుంచి మనిషి మనిషిలో లేడు. నేను మాత్రం తక్కువ తిన్నానా... వంటింట్లో గరిటె పట్టుకొచ్చి గుంతలోకి దూకేశాను.

అంతలో మా అవ్వ, అంటే నాయన వాళ్ళమ్మ, వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"ఏందిరా ఇది? దోమలకి ఇల్లు కట్టిస్తా ఉండావా?"

"చేపలు దోమపురుగుల్ని తినేస్తాయి లేమ్మా."

"చూస్తా గదా. ఒక్క పురుగు నా కంట పడిందా... మన్ను పోసి మూసేసి, కరేపాకు చెట్టు నాటేస్తా!"

మా ఇంట్లో అవ్వ మాటంటే మాటే. నాయన గడ్డపార ఎత్తి మళ్ళీ తవ్వుకోసాగాడు.

ఇటుకలు పేర్చి సిమెంటు పూయడం అయింది. ఇక చేపల్ని వదలడమే అనుకున్నాను... అబ్బే! కొత్త సిమెంటు ఘాటు పోవాలని నీళ్ళు నింపి, అరటి బోదె ముక్కలు కోసి వేశాడు నాయన. అవి కుళ్ళి... అబ్బబ్బ, ఏం కంపు! పక్కింటి అత్త గోడ మీదుగా తొంగిచూసి, "ఏంది, ఎలక గిన సచ్చిందా?" అని అడిగింది. ఆ నీళ్ళు తోడిపోసి, మళ్ళీ నింపి, మళ్ళీ తోడి... నాకేమో కాలు నిలిచేది కాదు.

చివరికి సంత నుంచి గప్పీ చేపలు వచ్చాయి! వేలెడంత కూడా లేవు, తోకలు మాత్రం రంగురంగులు. చేపలున్న ప్లాస్టిక్ కవరు కొలనులో కాసేపు తేలాలట, లోపలి నీళ్ళూ బయటి నీళ్ళూ ఒకే చల్లదనానికి రావాలట. "ఇప్పుడు విప్పుదామా? పోనీ ఇప్పుడు?" అని నాయన ప్రాణం తోడేశాను. విప్పగానే అవి సర్రున జారిపోతుంటే, నేను ఎగిరిన ఎగురుడికి గట్టు మీది చెంబు నీళ్ళలో పడింది.

ఆ శుక్రవారం అవ్వ గడప ముందు ముగ్గేసి, కొలను గట్టు మీద కూడా చిన్న ముగ్గు వేసింది. తిట్టుకుంటూనే! మాది అచ్చమైన బియ్యప్పిండి ముగ్గు... చీమలకూ పిచ్చుకలకూ కడుపు నిండాలని. ఆ పిండి రవ్వంత నీళ్ళలో రాలిందో లేదో, చేపలన్నీ ఎగబడి వచ్చాయి.

"ఒసే, తింటా ఉండాయే! పాపం, ఎంత ఆకలో!"

అంతే. రోజూ ముగ్గేసి, మిగిలిన పిండి గుప్పెడు కొలనులో చల్లేది. కొన్నాళ్ళకు నీళ్ళు కుడితిలా తయారయ్యాయి. ఒక పొద్దున చూస్తే చేపలన్నీ పైకొచ్చి నోళ్ళు తెరిచి ఊపిరికి అల్లాడుతున్నాయి. నాయన పనికి వెళ్ళిపోయాడు. నాకు ఏడుపు తన్నుకొచ్చింది. చేపలు పోతే పురుగులు... పురుగులొస్తే మన్ను, కరేపాకు చెట్టు...

అవ్వ గుండెలు బాదుకుంది. "అయ్యో, నా చేత్తో పెట్టిన కూడే విసమైపాయనే! ఏడ్సింది చాలు గానీ, తొట్లో నిన్న పట్టిన నీళ్ళుండాయి, సీక్రం తే!"

చీర ఎగదోపి, కుడితి నీళ్ళు తోడి కొబ్బరిచెట్టుకు పోసింది. నేను బిందెతో మంచినీళ్ళు తెచ్చి పోశాను. మిగిలిందీ నేను తోడబోతే, "సగం చాలే, ఒక్కసారిగా మారిస్తే తట్టుకోలేవు!" అని అరిచింది. సాయంత్రానికి చేపలు కిందికి దిగి ఒకదాన్నొకటి తరుముకోవడం మొదలుపెట్టాయి. ఇద్దరం తడిసి ముద్దయి, పిచ్చివాళ్ళలా నవ్వుకున్నాం!

ఆ తర్వాత పిండి రెండు వేళ్ళకు వచ్చినంతే. అయినా కరేపాకు చెట్టు తీర్పు తీర్పే... అవ్వ రోజూ కళ్ళద్దాలు పెట్టుకుని పురుగు కోసం వెతికేది.

ఒకరోజు నేను పక్కనే బట్టలుతికే బండ దగ్గర పళ్ళు తోముకుంటుంటే, అవ్వ కొలను మీద వంగి ఆగిపోయింది. నాయన నాటిన కలువ ఆకు మడతలో నిలిచిన నీళ్ళలో ఏదో లుకలుకలాడుతోంది. అవ్వ అటు చూసింది, ఇటు చూసింది... నాయన లేడని చూసుకుని, ఆ ఆకును మెల్లగా వంచి, నీళ్ళను చేపల మధ్యలోకి ఒంపేసింది. గుటుక్కున మింగేశాయి!

"అవ్వా! పురుగు కదా అది?"

"యాడుంది పురుగు? నీ కండ్లకి అన్నీ పురుగులే! పో, కాపీ తాగుపో!"

కరేపాకు చెట్టు ఊసు మళ్ళీ మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

అవ్వ పోయి చాలా ఏళ్ళయింది. కొలను ఉన్నచోట ఇప్పుడు మా బండ్లు నిలుపుతున్నాం. మొన్న ఆగలేక మిద్దె మీద ఒక తొట్టి పెట్టి గప్పీలు వదిలాను. పొద్దున్నే వాటికి రెండు వేళ్ళ పిండి తెద్దామని గడప దగ్గరికి వెళ్తే... అక్కడున్నది స్టిక్కరు ముగ్గు. దాన్ని ఏ చేప తింటుంది చెప్పండి!

మీ పెరట్లోనూ ఇలాంటి కొలనో, తొట్టో ఉండేదా? పైకి తిడుతూ, చాటుగా దాన్ని కాపాడిందెవరు? చెప్పండి... వినాలనుంది.