ఎర్రగుడ్డ కట్టిన పత్తిచెట్టు

మొన్న గుంటూరులో మా అక్కగారింటికి వెళ్లినప్పుడు, మేడమీద కుండీలో ఆకులు కుట్టి గూడు పెట్టిన పిట్టను బావగారు సెల్‌ఫోనులో వీడియో తీసి, దీన్ని దర్జీపిట్ట అంటారని, ముక్కుతో ఆకుకు చిల్లులు పొడిచి దారం దూరుస్తుందని చుట్టాలందరికీ పాఠం చెబుతుంటే నాకు ఒళ్లు మండింది. ఆ పాఠం నేను ఆయనకు ఇరవై ఏళ్ల కిందటే చెప్పాను.

అప్పుడు దర్శి దగ్గర మాకు పత్తిచేను ఉండేది. నెత్తిన ఇటుకరంగు, ఆకుపచ్చ వీపు, నిక్కబొడిచిన తోక, ఒంటికి మించిన గొంతు ఉన్న ఆ వేలెడంత పిట్టను ఊళ్లో ఎవరికి చూపించినా పిచ్చుకేలే అని తీసిపారేశారు. నేను నమ్మలేదు. రోజూ గట్టున గొడుగేసుకుని కూర్చున్నాను. పోయినేటి పత్తికట్టె మోపుల్లో మిగిలిన దూది పీకి తెచ్చి రెండాకులను దగ్గరకు లాగి కుట్టేది ఆడదని, తోక పొడుగున్న మగది ఊరికే పక్కన కూస్తుందని, పన్నెండు రోజులు పొదిగాక పుట్టిన మూడు పిల్లలకూ పెట్టేది మా పత్తి మీది పురుగులనేనని చూసి తెలుసుకున్నాను. పిల్లలకు రెక్కలొచ్చేదాకా మందు కొట్టేవాళ్లు ఆ చెట్టును వదిలేయాలని దానికి ఎర్రగుడ్డ కట్టాను.

బావగారికి అప్పట్లో పురుగుమందుల కొట్టుండేది, మా చేనికి పెద్దదిక్కు ఆయనే. పిట్ట సంగతి చెబితే కూలీలందరి ముందూ నవ్వాడు.

"చుట్టుకున్న ఆకులో పురుగుంటది గానీ పిట్టుంటదంటరా? వీడికి కావాల్సింది మందు కాదర్రా, కళ్లజోడు."

నేను పనిమీద ఒంగోలు వెళ్లిన రోజున, ఆకుచుట్టు పురుగు పట్టిందని, చుట్టుకున్న ఆకులన్నీ తెంపించి కిరసనాయిలు కలిపిన నీళ్ల బకెట్లో వేయించాడు. సాయంత్రం తిరిగొచ్చేసరికి ఒక కూలామె బకెట్ చూపించి, "పిట్టపిల్లలేనండీ, తెంపాక చూశాం" అంది. నేను బావగారి మీద విరుచుకుపడ్డాను. ఆయన తాపీగా, "నువ్వే గదరా, ఎర్రగుడ్డ కట్టి మరీ చూపించావు" అన్నాడు.

పురుగు పట్టిన చెట్టుకు గుర్తుగా గుడ్డ కట్టడం మా చేలో అలవాటు. అది నాకూ తెలుసు. ఆ మాటను ఇన్నేళ్లుగా మరిచిపోలేకపోతున్నది అందుకే. ఆ జంట మాత్రం రెండు రోజులు నోట పురుగులు పట్టుకుని ఆ చెట్టు చుట్టూనే తిరిగింది.

ఇప్పుడా చేను ప్లాట్లయింది. మేడమీది పిట్టకు దూది ఎక్కడ దొరుకుతుంది, నేల తుడిచే గుడ్డలోంచి దారాలు పీకి కుట్టుకుంది. పిల్లలు ఎగిరేదాకా ఎవరూ పైకి వెళ్లకూడదని బావగారు మేడ తలుపుకు తాళం వేసి, చెవి జేబులో పెట్టుకున్నాడు. ఆనాటి సంగతి ఒక్క ముక్క ఎత్తలేదు. నేను వీడియో మాత్రం ఇంకోసారి పెట్టించుకుని చూశాను. కుండీకి ఆయన ఏ గుర్తూ కట్టలేదు.